‘పొడిగింపు ఉండొచ్చు’: కాంట్రాక్టు రైటర్ కోసం రాసిన మూడు ప్రకటనలు

బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద, బెళ్ళందూరు దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో డాక్యుమెంటేషన్ టీమ్‌ను చూసుకుంటాను. సరుకు రవాణా కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్ మాది. దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలు రాసే రైటర్లం నలుగురం. పని మీద పడ్డప్పుడు కాంట్రాక్టు మీద ఒకరిని తెచ్చుకోవడం మామూలే. 2023 మార్చి నుంచి 2024 మే మధ్య అలా ఇద్దరిని తీసుకున్నాం. ఆ ఇద్దరి కోసం మూడుసార్లు ప్రకటన రాయాల్సి వచ్చింది. మొదటిదానితో ఎవరూ దొరకలేదు. రెండోదానితో మంచి రైటర్ దొరికారు, కానీ ఆ ప్రకటన వల్లే ఆయన నష్టపోయారు. మరతహళ్ళి పీజీ హాస్టళ్లలో ఉంటూ ఇలాంటి ప్రకటనలు రోజూ చదివే మనవాళ్లు చాలామంది. వాటిని రాసే కుర్చీల్లోనూ మనవాళ్లు తక్కువేం లేరు. ఇద్దరికీ పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మార్చి 2023

ఆ సెప్టెంబర్ ఆఖరుకి మా ఏపీఐని, అంటే రెండు సాఫ్ట్‌వేర్లు నేరుగా మాట్లాడుకునే దారిని, కస్టమర్లకు ఇవ్వాలి. లారీ ఎక్కడుందో, సరుకు దిగిందో లేదో వాళ్ల సాఫ్ట్‌వేరే మా సాఫ్ట్‌వేర్‌ను నేరుగా అడిగి తెలుసుకోవాలి. మొత్తం 42 ఎండ్‌పాయింట్లు, అంటే ఒక్కో రకం ప్రశ్న అడగడానికి ఒక్కో చిరునామా. వాటిలో 31కి ఒక్క పేజీ కూడా రాసి లేదు. ఏ ఎండ్‌పాయింట్ ఏం తీసుకుని ఏం ఇస్తుందో డెవలపర్లు రాసి పెట్టుకున్న ఓపెన్‌ఏపీఐ ఫైలు ఉంది గానీ, వివరణ ఉండాల్సిన చోటల్లా ఖాళీ.

జేడీ, అంటే ఉద్యోగ వివరాల కాగితం, పంపమని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. అప్పటికి వేరే రిలీజ్‌లో తలమునకలుగా ఉన్నాను. షేర్డ్ డ్రైవ్‌లో 2018 నాటి జేడీ ఒకటి దొరికింది. తేదీ మార్చి పంపేశాను. నౌకరీ వెబ్‌సైట్‌లో పడింది ఇది:

“టెక్నికల్ రైటర్ కావాలి. కాంట్రాక్టు. అనుభవం 5–8 ఏళ్లు. డిటా, ఎక్స్‌ఎంఎల్, ఫ్రేమ్‌మేకర్, రోబోహెల్ప్‌లలో పట్టు తప్పనిసరి. కమ్యూనికేషన్ స్కిల్స్ అద్భుతంగా ఉండాలి. ఒత్తిడిలో పనిచేయగలగాలి. వెంటనే చేరేవారికి ప్రాధాన్యం. కాలం 6 నెలలు, పొడిగింపు ఉండొచ్చు. స్థలం బెంగళూరు. పారితోషికం: మార్కెట్‌ను బట్టి.”

ఈ ప్రకటన చదివినవాళ్లకు మేం ఏం చేస్తామో ఒక్క ముక్క తెలియదు. తెలిసినదైనా తప్పు. అందులో ఉన్న టూల్స్‌లో ఒక్కటీ మేం వాడం. పెద్ద మాన్యువల్‌ను చిన్న చిన్న టాపిక్‌లుగా విడగొట్టి ఎక్స్‌ఎంఎల్ అనే గుర్తుల భాషలో రాసుకునే పద్ధతి డిటా. ఐబీఎంలో పుట్టి 2005లో ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ప్రమాణమైంది. వేల పేజీలను పది భాషల్లోకి పంపే సంస్థలకు అది నిజంగా అవసరం. మేం రాసేది మార్క్‌డౌన్‌లో (మామూలు టెక్స్ట్‌లోనే తేలికైన గుర్తులు పెట్టే పద్ధతి), ఉంచేది గిట్‌లో (డెవలపర్లు చేసే ప్రతి మార్పునూ భద్రపరిచే టూల్). డెవలపర్ తన కోడ్‌ను రివ్యూకి పెట్టినట్టే మేమూ పేజీని రివ్యూకి పెడతాం. 2018లో మా సంస్థ డిటాకు మారాలనుకుని మానుకుంది. మానుకున్న ఆ ఆలోచన ఐదేళ్ల తర్వాత నా ప్రకటనలో ‘తప్పనిసరి’ అయి కూర్చుంది.

కాంట్రాక్టు మనుషులను మాకు ఇచ్చే సంస్థ మా వెండర్. అక్కడ రెజ్యూమేలు చూసే అమ్మాయి రోజూ జావా డెవలపర్ నుంచి టెస్టర్ దాకా అన్ని ఉద్యోగాలకూ వడపోస్తుంది. రైటర్ పనిలో ఏముంటుందో ఆమె నా మాటల్లోంచే తెలుసుకోవాలి. నేను డిటా అన్నాను కాబట్టి డిటా ఉన్నవాళ్లనే పంపింది. మూడు వారాల్లో 34 రెజ్యూమేలు వచ్చాయి. తొమ్మిది మందితో మాట్లాడాను. ఏపీఐ వెనక్కి పంపే జవాబు (రెస్పాన్స్) ఒకటి తెరపై పెట్టి ఇది చదివి చెప్పండి అంటే దాదాపు అందరూ ఆగిపోయారు. తప్పు వాళ్లది కాదు, నేను పిలిచింది వేరే పనికి.

ఆ తొమ్మిది మందిలో ఒంగోలు అమ్మాయి ఒకామె. చివర్లో నేను మార్క్‌డౌన్ సంగతి చెప్పాను. “అన్ని ప్రకటనల్లోనూ డిటా అడుగుతున్నారని 22 వేలు కట్టి కోర్సు చేశానండీ. మీరు వాడనప్పుడు ఎందుకు రాశారు?” అంది. కోపంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. ఏ జవాబు చెప్పినా అది అబద్ధమే అయ్యేది. పాతది కాపీ చేశానని చెప్పి క్షమాపణ అడిగాను.

రెండో ప్రకటన రాయడం

మా డెవలపర్ టీమ్ లీడ్‌ను గంటసేపు కూర్చోబెట్టుకున్నాను. వచ్చే మనిషి మొదటి సోమవారం పొద్దున ఏం చేస్తారో చెప్పుకుందాం అన్నాను. ఇద్దరం ఇరవై నిమిషాలు చెప్పలేకపోయాం. ఎవరు వస్తారో వాళ్లే చూసుకుంటారులే అన్న ధీమాలో ఉన్నామని అప్పుడు అర్థమైంది. ఏ ఎండ్‌పాయింట్లు ముందు, ప్రశ్నలకు జవాబు చెప్పే డెవలపర్లు ఎవరు, వాళ్లు వారానికి ఎన్ని గంటలు ఇస్తారు, పూర్తయిందని ఎవరు ఒప్పుకోవాలి, ఇవన్నీ ఆ గంటలోనే తేల్చుకున్నాం. నిజానికి అది ప్రకటన రాయడం కాదు, పనిని మొదటిసారి తెలుసుకోవడం.

కొత్త ప్రకటనలో 31 ఎండ్‌పాయింట్ల సంగతి రాశాను. ఒక్కోదానికి ఒక రెఫరెన్స్ పేజీ, మొత్తానికి ఐదు గైడ్లు అని రాశాను. మార్క్‌డౌన్, గిట్ వాడతాం, రాకపోతే మొదటి వారంలో నేర్పుతాం అన్నాను. జేసన్ రూపంలో, అంటే పేరు, విలువ జంటలుగా వచ్చే రెస్పాన్స్ చదివి అర్థం చేసుకోగలగడం మాత్రం రావాలి, అది నేర్పే టైమ్ లేదు. అనుభవానికి పైహద్దు తీసేశాను. ‘6 నెలలు, పొడిగింపు ఉండొచ్చు’ అన్న మాట మాత్రం అలాగే ఉంచాను. స్థలం బెంగళూరు అని వదిలేయకుండా బెళ్ళందూరు, వారానికి రెండు రోజులు ఆఫీసు అని పెట్టాను. ఎలక్ట్రానిక్ సిటీలో ఇల్లున్నవాళ్లకు సిల్క్ బోర్డు దాటి రావడమంటే ఏమిటో ఈ ఊళ్లో ఉన్న ఎవరికైనా తెలుసు. అది ముందే తెలిస్తే వాళ్లే నిర్ణయించుకుంటారు.

పరీక్ష గురించి కూడా రాశాను. 45 నిమిషాలు, వీడియో కాల్‌లో మా ఎదురుగానే, రాసింది మేం వాడుకోం అని. ఈ చివరి మాటకు కారణం ఉంది. వేరేచోట పరీక్ష పేరుతో పదిహేను పేజీల మాన్యువల్ రాయించుకుని తర్వాత ఫోన్ ఎత్తలేదని నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఇద్దరు చెప్పారు. నాలుగు రోజుల పని అది. చేరడానికి డిపాజిట్ కట్టమనే ప్రకటన ఎంత మోసమో అందరికీ తెలుసు గానీ, ఊరికే పని చేయించుకునే పరీక్షను మన రంగంలో ఇంకా ఎవరూ గట్టిగా తప్పు పట్టట్లేదు. పట్టాలి.

ఒక ప్రశ్న

ఈసారి వచ్చినవి 21 రెజ్యూమేలు. వాటిలో ఒకటి చిలకలూరిపేట ఆయనది. వయసు 44, అనుభవం 17 ఏళ్లు, ఎక్కువ భాగం టెలికాం పరికరాల మాన్యువల్స్, అన్నీ ఫ్రేమ్‌మేకర్‌లో. గిట్ ఎప్పుడూ ముట్టుకోలేదు. ‘నేర్పుతాం’ అన్నారు కాబట్టి అప్లై చేశాను అని కవర్ లెటర్‌లో ఒకే వాక్యం రాశారు.

పరీక్షలో ఆయనకు ఇచ్చింది చిన్నది. మా సర్వర్‌కు తక్కువ టైమ్‌లో మరీ ఎక్కువ రిక్వెస్టులు పంపితే అది 429 అనే కోడ్ వెనక్కి పంపుతుంది, కాస్త ఆగమని అర్థం. దాంతోపాటు రిట్రై-ఆఫ్టర్ అనే హెడర్, అంటే జవాబుకు ముందుండే చిన్న సమాచారం, వస్తుంది. ఎంతసేపు ఆగాలో అందులో ఉంటుంది. ఈ రెస్పాన్స్ చూసి, కస్టమర్ తరఫు డెవలపర్ ఏం చేయాలో అరపేజీ రాయాలి.

ఆయన పది నిమిషాలు ఏమీ రాయలేదు. తర్వాత అడిగారు. “మేడం, ఈ హెడర్‌లో 30 అని ఉంది. అంటే 30 సెకన్లే కదా? ఇందులో సెకన్లు పెట్టొచ్చు, తేదీ, టైమ్ కూడా పెట్టొచ్చని చదివాను. మీ సర్వర్ ఎప్పుడూ సెకన్లే పంపుతుందా?”

నాకు తెలియదు. పక్కనే ఉన్న డెవలపర్ సెకన్లేనండీ అన్నాడు. కాసేపటికి, ఒక్క నిమిషం చూస్తాను అని కోడ్ తెరిచాడు. లారీల జాడ చెప్పే సర్వీస్ సెకన్లు పంపుతోంది. బిల్లులు చూసే సర్వీస్ తేదీ పంపుతోంది. రెండు టీమ్‌లు వేర్వేరుగా రాసుకోవడం వల్ల ఎవరూ గమనించలేదు. కస్టమర్ సెకన్లని నమ్మి కోడ్ రాసుకుంటే బిల్లుల దగ్గర దెబ్బతినేవాడు. పరీక్ష ముగిసేలోపే మా డెవలపర్ బగ్ నమోదు చేశాడు.

టెక్నికల్ రైటర్ పనంటే ఇంగ్లీషు బాగా రాయడం అనుకునేవాళ్లకు నేను ఈ పది నిమిషాల గురించే చెబుతాను. చదివేవాడు ఎక్కడ పొరబడతాడో ముందే చూసి, రాయకముందే అడగడం. టూల్స్ లిస్టు పెట్టి ఆ చూపును పట్టుకోలేం.

తర్వాత వెండర్‌ను కదిపితే తేలింది, ఆయన మొదటి ప్రకటనకూ అప్లై చేశారట. డిటా లేదు, ఎనిమిదేళ్లు దాటిపోయింది అన్న రెండు కారణాలతో పక్కన పెట్టారు. రెండూ నేను రాసినవే.

చెల్లింపు

ఆయననే తీసుకున్నాం. 2023 మే 22న చేరారు. చేరాక 11 పనిదినాల దాకా గిట్ రిపోకు (మా పేజీలన్నీ ఉండే చోటుకు) యాక్సెస్ రాలేదు. కాంట్రాక్టు వాళ్ల బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వెండర్ చేయించాలా, మేం చేయించాలా అన్నది తేలక ఆగింది. ఆ రోజుల్లో ఆయన ఓపెన్‌ఏపీఐ ఫైలు ప్రింట్ తీసుకుని పెన్సిల్‌తో ప్రశ్నలు రాసుకుంటూ కూర్చున్నారు.

మొదటి నెల డబ్బు పడ్డాక అసలు సంగతి బయటపడింది. మేం వెండర్‌కు నెలకు 1,40,000, దానిపై 18 శాతం జీఎస్‌టీ ఇస్తున్నాం. వెండర్ ఆయనతో 1,05,000 మాట్లాడారు. ఆయన దాన్ని జీతం అనుకున్నారు. వెండర్ లెక్కలో ఆయన ఉద్యోగి కాదు, కన్సల్టెంట్. అంటే వృత్తి ఫీజు. ఆదాయపు పన్ను చట్టం 194-జె సెక్షన్ కింద 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి 94,500 వేశారు. కోసిన 10,500 రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది, అది పోయిన డబ్బు కాదు. పోయింది పీఎఫ్. ఆయన ఖాతాలో నెలనెలా పడేది ఆగింది, యజమాని వాటా అనేదే లేదు. గ్రూప్ ఆరోగ్య బీమా లేదు. ఊళ్లో ఉన్న తల్లిని పాత కంపెనీ బీమాలో చూపించుకుంటూ వచ్చిన మనిషి, ఆ వారంలోనే సొంతంగా పాలసీ కోసం తిరిగారు.

వెండర్ మోసం చేశారని నేను అనను. కాగితాల్లో కన్సల్టెంట్ అనే ఉంది, ఆయన సంతకం చేశారు. కానీ ఆయన మొదట చదివింది నా ప్రకటన. అందులో ఎవరి పేరోల్ (ఉద్యోగుల జీతాల పట్టీ), ఏ పద్ధతి అన్నది లేదు. 31 ఎండ్‌పాయింట్లంటూ అంత వివరంగా రాసిన నేను డబ్బు దగ్గర మళ్లీ ‘మార్కెట్‌ను బట్టి’ అనే వదిలేశాను. కాంట్రాక్టు ప్రకటన చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇక్కడ ఒక్క మాట చెబుతాను. మొదటి ఫోన్‌లోనే అడగండి, పేరోలా కన్సల్టెంటా అని. రెండింటిలో ఒకే అంకె చెప్పినా చేతికి వచ్చేది ఒకటి కాదు. పేరోల్ అంటే చెప్పిన మొత్తంలో యజమాని పీఎఫ్ వాటా కూడా కలిపారా అని అడగండి. కన్సల్టెంట్ అయితే సెలవు రోజుకు డబ్బు ఉండకపోవచ్చు. సంక్రాంతికి ఇక్కడ ఒక్కరోజే సెలవు, మనకేమో మూడు రోజుల పండగ. ఊరెళ్లే శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ తీసేముందే ఆ లెక్క తెలియాలి.

నవంబర్

పని గొప్పగా జరిగింది. సెప్టెంబర్ ఆఖరికి 31 పేజీలూ బయటికి వెళ్లాయి, ఐదు గైడ్లలో నాలుగు. ఇంకో రెండు ప్రొడక్టులకు ఇలాంటి పనే ఉంది కాబట్టి అక్టోబర్ మొదటి వారంలో పొడిగింపు అడిగాను. పై నుంచి ‘చూద్దాం’ అన్నారు. నేనూ ఆయనతో ‘చూస్తున్నారు’ అన్నాను.

నవంబర్ 13న, దీపావళి మర్నాడు, కొత్త కాంట్రాక్టులేవీ ఆ ఏడాది లేవని మెయిల్ వచ్చింది. పొడిగింపులు కూడా అందులోకే వస్తాయి. కాంట్రాక్టు 21న ముగుస్తుంది. 15న ఆయనను ఆఫీసు వెనక టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్లి చెప్పాను.

ఆయన టీ తాగడం ఆపలేదు. పూర్తయ్యాక గ్లాసు కింద పెట్టి అన్నారు. “మేడం, మీ ప్రకటన నా ఫోన్లో ఇంకా ఉంది. ‘ఉండొచ్చు’ అనే రాశారు మీరు. ఇంట్లో నేను ‘ఉంటుంది’ అని చెప్పాను.”

అక్టోబర్‌లో వేరే సంస్థ నుంచి పిలుపు వస్తే వద్దన్నారని అప్పుడే తెలిసింది. రెండు మాటలకూ తేడా మా ఇద్దరికీ వృత్తిరీత్యా బాగా తెలుసు. చదివేవాడు ‘ఉండొచ్చు’ను ‘ఉంటుంది’ అని చదువుకుంటాడని, అలా చదువుకునేలా రాయకూడదని మేం ప్రతి రివ్యూలోనూ ఒకరికొకరం చెప్పుకుంటాం. ఆ మాట ప్రకటనలో ఎందుకుంది? బడ్జెట్ ఎవరి చేతిలో ఉందో, వాళ్లు ఎప్పుడు చెబుతారో నేను కనుక్కోలేదు కాబట్టి. పైగా ఆ మాట ఉంటే ఎక్కువమంది అప్లై చేస్తారు కాబట్టి కూడా. ఈ రెండో కారణాన్ని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఆయన రెండు నెలలు ఖాళీగా ఉన్నారు. జనవరిలో వైట్‌ఫీల్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం దొరికింది. నేను రాసిచ్చిన సిఫార్సు లేఖ కొంత పనికొచ్చిందని చెప్పారు. ఆ రెండు నెలల ఇంటి అద్దె మాత్రం ఆయనే కట్టుకున్నారు.

మూడో ప్రకటన

2024 జనవరిలో కొత్త బడ్జెట్ వచ్చింది. ఈసారి పని వేరు, పాత వర్డ్ మాన్యువల్స్‌ను మార్క్‌డౌన్‌లోకి తేవాలి. రాసింది ఇది, కొంచెం కుదించి ఇస్తున్నాను:

“వర్డ్ మాన్యువల్స్ 14, మొత్తం సుమారు 900 పేజీలు. మార్క్‌డౌన్‌లోకి మార్చాలి, మారిపోయిన స్క్రీన్లు ఉన్నచోట తిరగరాయాలి. ఎక్కువ భాగం ఓపికతో చేసే పని, కొత్తగా రాసేది తక్కువ. 2024 ఫిబ్రవరి 5 నుంచి మే 31 వరకు. పొడిగింపుకు ఇప్పుడు బడ్జెట్ లేదు. అది మారినా మారకపోయినా ఏప్రిల్ 16న రాతపూర్వకంగా చెబుతాం. వెండర్ పేరోల్ మీద ఉంటారు. నెలకు గ్రాస్ 90,000, యజమాని పీఎఫ్ వాటా దీనికి అదనం. నెలకు ఒకటిన్నర రోజు జీతంతో సెలవు. లాప్‌టాప్, రిపో యాక్సెస్ మొదటి రోజే.”

వెండర్ మేనేజర్ ఫోన్ చేశారు. “మేడం, రేటు రాస్తే ఎవరూ తగ్గరు. ‘ఓపికతో చేసే పని’ అంటే ఎవరూ రారు. పొడిగింపు లేదంటే అసలే రారు” అన్నారు. ఆయన అనుభవం ఆయనది. నాకున్న అనుభవమల్లా టీ కొట్టు దగ్గర విన్న మాటే. హెచ్‌ఆర్‌లో ఉన్న కన్నడ అబ్బాయి నా పక్షాన నిలబడ్డాడు, అంకెలతో సహా పెట్టించాడు. వెండర్ తీసుకునే మార్జిన్ కూడా రాద్దామన్నాను. దానికి మాత్రం ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోలేదు. రాయాలనే నా పట్టుదల.

వచ్చినవి 12 రెజ్యూమేలే. పన్నెండూ పనికొచ్చేవే. ఐదుగురితో మాట్లాడి, కర్నూలు నుంచి వచ్చి టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఉంటున్న ఒకామెను తీసుకున్నాం. ఆమెకు కావాల్సిందే నాలుగు నెలల పనట, జూన్‌లో వేరే ప్రయాణం ఉంది. చివరి తేదీ రాయకపోతే అప్లై చేసేదాన్ని కాదు అంది.

చేరిన రోజు యాక్సెస్ మళ్లీ రాలేదు. మర్నాడు పొద్దున్నే ప్రకటన ప్రింట్ తీసి, ఆఖరి వాక్యం కింద గీత గీసి నా టేబుల్ మీద పెట్టింది. ఆ కాగితం పట్టుకుని ఐటీ వాళ్ల దగ్గరికి నేనే వెళ్లాను. మధ్యాహ్నానికి వచ్చింది.

ఏప్రిల్ 16న, శ్రీరామనవమి ముందు రోజు, పొడిగింపు లేదని మెయిల్ పంపాను. పది నిమిషాల్లో జవాబు వచ్చింది: “తెలుసండీ. పదకొండో మాన్యువల్ రివ్యూకి పెట్టాను, చూడండి.”